పెరటి బంగాళాదుంపలు పాడవకుండా: తవ్విన రోజు నుంచి వడియాల డబ్బా దాకా

సంక్రాంతి వెళ్ళి రథసప్తమి దగ్గరపడేసరికి మా పెరట్లో బంగాళాదుంప కాడలు పసుపుపచ్చగా తిరిగి నేలమీద వాలిపోతాయి. విజయవాడ పక్కన యనమలకుదురులో, కృష్ణ కరకట్ట దగ్గర మాకున్న నాలుగు సెంట్ల ఇసుక నేలలో మంచి ఏడాదైతే 150 కిలోల దాకా దిగుతాయి. మట్టి తిరగేస్తుంటే ఒక్కో మొక్క కింద ఐదారు దుంపలు బయటపడతాయి, ఆ సంతోషం వేరు. కానీ సాయంత్రానికి వరండాలో రాశి చూశాక టెన్షన్ మొదలవుతుంది. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్ళు ఆగుతాయి?

దుంప నిల్వ గురించి ఎక్కడ చదివినా చలి దేశాల సంగతులే ఉంటాయి. నేలమాళిగలో పెట్టండి, ఆరు నెలలు ఉంటాయి అంటారు. దుంప కదలకుండా నిద్రపోవాలంటే 4 నుంచి 10 డిగ్రీల చల్లదనం కావాలి. మనకి శివరాత్రికే చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. మార్చి సగానికి పగలు 35 డిగ్రీలు దాటుతుంది, మే నెల సంగతి విజయవాడ వాళ్ళకి, గుంటూరు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే పంట మొత్తాన్ని పచ్చి దుంపలుగానే దాచాలన్న ఆశ మనం పెట్టుకోకూడదని నా గట్టి నమ్మకం. ఆరేడు వారాల్లో తినగలిగినంత పచ్చిగా ఉంచుకుని, మిగతాది ఎండకే అప్పగించాలి. కల్లాల్లో మిరపకాయని గలగలలాడేలా ఎండబెట్టే ఎండ మనది. దుంపని పాడుచేసేదీ అదే, ముక్క కోసి పరిస్తే ఏడాది నిలబెట్టేదీ అదే.

ఈ మాట నాకు నష్టపోయాకే తెలిసింది. మొదటి ఏడాది దుంపలు మట్టితో ఉన్నాయని శుభ్రంగా కడిగి, ప్లాస్టిక్ బస్తాల్లో నింపి, మూతులు కట్టి మెట్ల కింద పెట్టాను. మూడు వారాలకి ఇంట్లో ఎలుక చచ్చిందేమోనన్నంత వాసన. బస్తా కదిపితే అడుగు నుంచి నల్లటి నీళ్ళు కారాయి. మూడు బస్తాల్లో రెండు ఎరువు గుంటలో పోయాల్సి వచ్చింది. మూడు నెలలు నీళ్ళు పెట్టి, మట్టి ఎగదోసి పెంచిన పంట అది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కింద రాసిన జాగ్రత్తల్లో సగం ఆ రెండు బస్తాలు నేర్పినవే.

తవ్వడానికి రెండు వారాల ముందు

నిల్వ పని తవ్వాక మొదలయ్యేది కాదు. కాడలు పసుపు తిరగగానే నీళ్ళు ఆపేయాలి. తవ్వబోయే రోజుకి 10, 12 రోజుల ముందు కాడల్ని నేలమట్టానికి కోసేయాలి. పైన ఆకు లేకపోతే కింద దుంప పెరగడం ఆగి, తొక్క ముదురుతుంది. తొక్క ముదిరిన దుంపే నిలుస్తుంది.

ముదిరిందో లేదో చూడటానికి ఒక దుంప తీసి బొటనవేలితో గట్టిగా రుద్దండి. నది లంక భూముల్లో కూరగాయలు పండించే ఒక పెద్దాయన నాకిది చూపించారు. నేను రుద్దగానే తొక్క పొరలా లేచి వచ్చింది. "ఇంకా పాలుగారుతోందమ్మా, వారం ఆగు" అన్నారు. వారం తర్వాత అదే వరుసలో ఇంకో దుంప తీసి రుద్దితే వేలికి మట్టే అంటింది, తొక్క కదల్లేదు.

అలాగని మరీ ఆలస్యం చేయకండి. నవంబరు మొదట్లో నాటితే 90 రోజులకి, అంటే ఫిబ్రవరి మొదటి వారానికల్లా తవ్వేయడం మేలు. ఆపైన నేల వేడెక్కితే దుంప మట్టిలోనే దెబ్బతింటుంది.

తవ్వే రోజు

పొద్దున్నే మొదలుపెట్టి తొమ్మిదిన్నర, పదికల్లా ముగించండి. నేల పొడిగా ఉండాలి. పలుగు మొక్క మొదట్లో కాకుండా జానెడు దూరంలో దించి, కింద నుంచి మట్టిని పైకి లేపాలి. ఎంత జాగ్రత్తపడినా కొన్నిటికి గాట్లు పడతాయి, వాటిని అప్పుడే వేరే గంపలో వేయండి.

తీసిన దుంపని గంపలోకి విసరకూడదు. పైకి దెబ్బ కనపడదు, కానీ లోపల కమిలిన చోటే పది రోజులకి నల్లబడి కుళ్ళు మొదలవుతుంది. కోడిగుడ్లు పేర్చినట్టు పెట్టమని మా ఇంట్లో పిల్లలకి చెబుతాను. ఎండలో అరగంట కూడా వదలకండి. ఒక వరుస తవ్వగానే గంప నీడకి చేరిపోవాలి.

కడగొద్దు. ఎంత మట్టి ఉన్నా కడగొద్దు. ఆరాక చేత్తో మెల్లగా దులిపితే చాలు. మిగిలిన పొడి మట్టి దుంపకి హాని చేయదు, తడే చేస్తుంది.

గాయం మానే పది రోజులు

చాలామంది ఈ దశ వదిలేస్తారు. తవ్విన దుంప ఒంటినిండా కంటికి కనపడని గీతలుంటాయి. పది నుంచి పదిహేను రోజులు చీకటిగా, గాలి ఆడే చోట వదిలేస్తే ఆ గీతల మీద బెరడు లాంటి పొర తనంతట తానే కట్టుకుంటుంది. ఆ పొర కడితేనే లోపలి నీరు బయటికి పోదు, బయటి కుళ్ళు లోపలికి రాదు. 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఇది బాగా జరుగుతుంది. మన ఫిబ్రవరి రాత్రులు దానికి దగ్గరగానే ఉంటాయి, ఆ తర్వాత ఆ అవకాశం ఉండదు.

మేము కింది ఇంట్లో ఉత్తరం వైపు గదిలో వరిగడ్డి పరిచి, దాని మీద అడుగు ఎత్తు మించకుండా దుంపలు పోస్తాం. పైన పొడి గోనె పట్టా కప్పుతాం. రాత్రంతా కిటికీలు తీసి, పొద్దున ఎండెక్కకముందే మూసేస్తాం. వెలుతురు మాత్రం తగలకూడదు. వెలుతురు పడితే దుంప పచ్చబడుతుంది. ఆ పచ్చదనంతో పాటే సొలనిన్ అనే చేదు విషపదార్థం కూడా పెరుగుతుంది. అది ఉడికించినా పోదు. కొద్దిగా పచ్చబడితే ఆ భాగం మందంగా చెక్కేయండి, సగం దుంప పచ్చగా ఉంటే పారేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో దీని దగ్గర మొహమాటపడొద్దు.

ఏరడం, పంచడం

రెండు వారాలయ్యాక ఒక ఆదివారం కూర్చుని మొత్తం ఏరుతాం. పోయిన పంట మాకు ఇలా సర్దుబాటయింది: నిల్వకి 60 కిలోలు, చిప్స్‌కీ వడియాలకీ 45, ఫ్రీజర్‌కి 15. మిగతా 30 కిలోల్లో గాట్లు పడ్డవి, తొక్క లేచినవి అప్పటికే కూరల్లోకి వెళ్ళాయి, బంధువులకి పంచాల్సినవి పంచాం. మీ ఇంట్లో ఎందరున్నారో, రోజుకి ఎంత వాడతారో లెక్క వేసుకోండి. మేము ఐదుగురం, రోజుకి కిలోన్నర దాకా అనుకుంటే 60 కిలోలు ఆరేడు వారాలు. అంతకంటే ఎక్కువ పచ్చిగా ఉంచితే మనం తినేలోపు మొలకలే తినేస్తాయి.

నిల్వకి పిడికిలిలో ఇమిడే మధ్యరకం, గట్టిగా, గాటు లేనివి తీయండి. పెద్దవి చిప్స్‌కి బాగుంటాయి. గోలీకాయలంత చిన్నవి త్వరగా వడిలిపోతాయి కాబట్టి వాటిని ముందు తినేయాలి, తొక్కతోనే వేపుడు చేస్తే ఎంత రుచో. కళ్ళ దగ్గర నల్లటి పొడి కనపడితే అనుమానించండి. బూడిదరంగు చిన్న రెక్కల పురుగు అక్కడ గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు లోపల సొరంగం తవ్వుతుంది. అలాంటి దుంప ఒక్కటి రాశిలో చేరినా మిగతావాటికి పాకుతుంది.

పచ్చి దుంపల నిల్వ

ఎక్కడ పెట్టకూడదో ముందు చెబుతాను. అటక మీద వద్దు, ఏప్రిల్‌లో స్లాబు కింద నిప్పుల కొలిమిలా ఉంటుంది. పడమటి ఎండ తగిలే గోడ పక్కన, వంటగట్టు కింద, సిలిండరు పక్కన కూడా వద్దు. మూతి కట్టిన ప్లాస్టిక్ సంచిలో అసలే వద్దు. దుంపకి ప్రాణం ఉంది, అది గాలి పీలుస్తుంది. గాలి ఆడక, వేడి ఎక్కువైతే పైకి బాగున్న దుంప కోస్తే మధ్యలో నల్లగా ఉంటుంది.

టమాటాలు తెచ్చే చిల్లుల ప్లాస్టిక్ క్రేట్లు దీనికి బాగా పనికొస్తాయి. అడుగున వరిగడ్డి, దాని మీద ఒక వరుస దుంపలు, మళ్ళీ పల్చగా గడ్డి, మళ్ళీ దుంపలు. మూడు వరుసలు మించొద్దు. మధ్య మధ్యలో ఎండిన వేపాకు, వావిలాకు, దొరికితే జామాయిల్ ఆకు చల్లితే ఆ రెక్కల పురుగు దగ్గరికి రాదు. ఆకు పూర్తిగా ఎండి ఉండాలి. క్రేట్లు నేలకి ఆనకుండా ఇటుకల మీద పెట్టి, గోడకి జానెడు ఎడంగా జరిపి, పైన గోనె కప్పండి. కరకట్ట పక్కన పందికొక్కుల బెడద ఎక్కువ, గదికి కింద సందులుంటే ఇనుప జల్లెడ కొట్టించండి.

ఉల్లిపాయలు అదే గదిలో వద్దు. దుంపల నుంచి వచ్చే తేమకి ఉల్లి కుళ్ళుతుంది, ఆ కుళ్ళు దుంపలకి తగులుతుంది. ఒకే బుట్టలో రెండూ వేయడం మన వంటిళ్ళలో పాత అలవాటు, వారానికి తెచ్చుకునే సరుకైతే పరవాలేదు, నెలల నిల్వకి కుదరదు.

మార్చి రాగానే కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి మధ్యాహ్నాలు నీళ్ళు చిలకరిస్తాం. గదిలో మూడు నాలుగు డిగ్రీలు తగ్గినా దుంపకి ఎంతో మేలు. నీళ్ళు మాత్రం క్రేట్ల మీద పడకూడదు. కూలర్ గాలి కూడా నేరుగా దుంపల మీదకి తిప్పొద్దు, తడి గాలి తగిలి పైన చెమట పడుతుంది.

వారానికోసారి, మేము శుక్రవారం చూస్తాం, ప్రతి క్రేటులో చెయ్యి పెట్టి తడమండి. కంటికంటే ముక్కుకి ముందు తెలుస్తుంది. తియ్యటి కుళ్ళు వాసన వస్తే ఆ క్రేటు మొత్తం బయటికి తెచ్చి, మెత్తబడ్డదాన్నీ దానికి ఆనుకున్నవాటినీ తీసేసి, గడ్డి మార్చండి. మూసిన గదిలో చాలా దుంపలు కుళ్ళాయనుకుంటే వెంటనే లోపలికి దూరొద్దు. తలుపులు, కిటికీలు తెరిచి కాసేపు గాలి పోయాక వెళ్ళండి, ఆ వాయువు ప్రమాదకరం.

మొలకలు చిన్నగా వచ్చి దుంప ఇంకా గట్టిగా ఉంటే మొలక తుంచి, ఆ కన్ను లోతుగా తీసేసి వండుకోవచ్చు. ముడతలు పడి, మొలకలు వేలెడు పొడుగయ్యాయంటే వాడొద్దు. ఏప్రిల్ మొదటి వారానికి మా క్రేట్లు ఖాళీ అవుతాయి. అప్పటికి ఇంకా మిగిలితే వాటినీ వడియాలకి పంపేస్తాను.

ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. కూరకైతే పెట్టొచ్చు. చల్లదనానికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది, అందుకే ఆ దుంపతో వేపుడు చేస్తే తియ్యగా ఉండి, ముక్క త్వరగా మాడి నల్లబడుతుంది. వేపుడు, చిప్స్ చేయాలంటే బయట ఉంచినవే వాడండి.

కోల్డ్ స్టోరేజీ సంగతి

గుంటూరు చుట్టుపక్కల ఇన్ని కోల్డ్ స్టోరేజీలుంటే మనకెందుకీ కష్టం అనిపిస్తుంది. అవి ఎక్కువగా మిర్చి కోసం కట్టినవి. ఎండుమిర్చికి పొడి గాలి కావాలి, దుంపకి 90 శాతం దాకా తేమ ఉన్న గాలి కావాలి. మిర్చి గదిలో దుంపలు పెడితే ఎండిపోయి ముడతలు పడతాయి, మిర్చి ఘాటు కూడా పడుతుంది. పైగా ఫిబ్రవరి నుంచి మిర్చి బస్తాలు వరుస కట్టే రోజులు, మన రెండు బస్తాలకి చోటు అడగడమే ఇబ్బంది. కూరగాయలకి విడిగా గది ఉన్నచోటు దొరికి, నలుగురైదుగురు కలిసి పెడితే తప్ప ఇంటి పంటకి ఇది గిట్టుబాటు కాదు. అలా పెట్టినా, బయటికి తెచ్చాక బస్తాలు విప్పి నీడన ఒక పూట ఆరనివ్వాలి, చల్లటి దుంపకి పట్టిన చెమట ఆరకపోతే రెండు రోజుల్లో కుళ్ళుతుంది.

ఎండు చిప్స్

మార్చి మొదటి వారం దీనికి మంచి సమయం. ఎండ బాగా ఉంటుంది, గాలిదుమారాలు ఇంకా మొదలవ్వవు. రోజుకి 5 కిలోలు మించి పెట్టుకోకండి, నడుం నొప్పి వస్తుంది.

తొక్క తీసి, చిప్స్ బల్ల మీద రెండు మిల్లీమీటర్ల మందాన తరిగి, తరిగింది తరిగినట్టు నీళ్ళలో వేయాలి. గాలి తగిలితే నల్లబడతాయి. ముక్కలు వేసిన నీళ్ళు పాలలా తెల్లగా అవుతాయి. మూడు నాలుగుసార్లు, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. మొదటిసారి కడిగిన నీళ్ళు పారబోయొద్దు. గిన్నెలో గంట సేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి గట్టిగా పేరుకుంటుంది, వేలితో నొక్కితే కిర్రుమంటుంది. పైనీళ్ళు వంపేసి ఎండబెట్టి దాచుకుంటే కార్న్‌ఫ్లోర్ కొనక్కర్లేదు.

పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, లీటరుకి చెంచాడు ఉప్పు వేసి, ముక్కలు మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. ఎప్పుడు దించాలో చెప్పేది గడియారం కాదు, దుంప ముక్కే. ఒకటి తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అంచులు అద్దంలా కనిపించాలి, మధ్యలో ఇంకా పాలరంగు ఉండాలి, వంచితే వంగాలి కానీ విరగకూడదు. అంతకుముందే దించితే ఎండాక నల్లబడతాయి, ఆలస్యమైతే గుడ్డకి అతుక్కుని పీలికలవుతాయి. ఉప్పు తక్కువే వేయండి, ఎండేకొద్దీ ముక్క చిన్నదై ఉప్పు ఎక్కువగా తెలుస్తుంది.

నీళ్ళు వార్చి, మిద్దె మీద పాత పంచె పరిచి ఒక్కొక్కటి విడిగా పేర్చాలి. పొద్దున ఎనిమిదికి పేరిస్తే సాయంత్రానికి గుడ్డ వదిలి అంచులు పైకి లేస్తాయి. రాత్రి మంచు పడకుండా లోపలికి తెచ్చి, మర్నాడు తిరగేసి మళ్ళీ ఎండబెట్టాలి. రెండో రోజుకో మూడో రోజుకో వంచితే టక్కున విరుగుతాయి. 10 కిలోల దుంపలకి కిలోన్నర, మహా అయితే రెండు కిలోలు వస్తాయి. తక్కువ వచ్చిందని బాధపడొద్దు, పోయిందంతా నీళ్ళే.

చిప్స్ కోసమే పెంచాలనుకుంటే కుఫ్రి చిప్సోనా రకం విత్తనం వెతకండి, అందులో చక్కెర తక్కువ, వేగాక రంగు బాగుంటుంది. వేడికి తట్టుకునేది కుఫ్రి సూర్య.

వడియాలు, ఎండు ముక్కలు

కిలో దుంపలు ఉడికించి, ఉండలు లేకుండా మెత్తగా చిదమండి. 200 గ్రాముల సగ్గుబియ్యం నాలుగు గంటలు నానబెట్టి, అద్దంలా అయ్యేదాకా ఉడికించి కలపండి. ఎనిమిది పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, తగినంత ఉప్పు నూరి వేయండి. పిండి గోరువెచ్చగా ఉండగానే జంతికల గొట్టంలో పెట్టి ప్లాస్టిక్ షీటు మీద వత్తాలి, చల్లారితే గొట్టంలోంచి దిగదు. మా అత్తయ్య పచ్చిమిర్చి బదులు పండుమిరపకాయ నూరి వేస్తారు, వేగాక ఆ ఎర్రటి రంగు, ఆ కమ్మదనం దేనికీ రాదు.

కూరకి పనికొచ్చే ఎండు ముక్కలు ఇంకా తేలిక. బఠాణీ కంటే కాస్త పెద్దగా కోసి, ఐదు నిమిషాలు ఉడికించి, మూడు నాలుగు రోజులు ఎండబెట్టడమే. వేడినీళ్ళలో అరగంట నానబెడితే పులుసులోకి, ఉప్మాలోకి వేసుకోవచ్చు.

ఫ్రీజర్, ఊరగాయ

పచ్చి దుంప ఫ్రీజర్‌లో పెడితే కరిగాక నల్లబడి మెత్తటి ముద్దవుతుంది. నిలువు ముక్కలు కోసి మూడు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, తడి పూర్తిగా తుడిచి, పళ్ళెంలో విడివిడిగా గడ్డకట్టించాకే సంచిలో వేయండి. వేయించేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేయాలి. కరెంటు గంటల తరబడి పోయే వీధిలో ఉంటే ఫ్రీజర్ మీద ఎక్కువ ఆధారపడకండి.

దుంప ఆవకాయ పెట్టి మామిడి ఆవకాయలా ఏడాది ఉంచొచ్చని ఎవరైనా చెబితే వినొద్దు. దుంపలో మామిడికాయకున్న పులుపు లేదు. పులుపు లేని ఉడికిన ముక్క నూనెలో మునిగి గాలి తగలకుండా బయట ఉంటే ప్రాణాంతకమైన విషం పుట్టే ప్రమాదం ఉంది. పెడితే కొద్దిగా పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగు రోజుల్లో తినేయండి.

విత్తనానికి దాచొద్దు

చిన్న దుంపలు వచ్చే నవంబరుకి విత్తనంగా ఉంచుదామని నేనూ ప్రయత్నించాను. మే నెల వేడికి ఒక్కటీ మిగల్లేదు. మిగిలినా, పేనుబంక మోసుకొచ్చిన వైరస్ తెగుళ్ళు దుంపలోనే దాగి ఏటేటా దిగుబడి తగ్గిస్తాయి. ఏటా కొత్త విత్తనం కొనడమే దారి.

డబ్బాల్లో పెట్టడం

ఎండిన చిప్స్, వడియాలు ఎండలోంచి తెచ్చి వేడివేడిగా డబ్బాలో పోయొద్దు, చల్లారాక పోయండి. లేకపోతే లోపలే చెమట పట్టి బూజు వస్తుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలు, అడుగున పొడి గుడ్డ, ప్రతి డబ్బా మీదా తేదీ. రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఆ ఎండల్లో, ఒక్క రోజు అన్నీ మళ్ళీ మిద్దె మీద పరిచి తీయండి. తొలకరి పడ్డాక గాలిలో తేమ పెరుగుతుంది, ఆపైన డబ్బా తీసిన ప్రతిసారీ పొడి చేత్తో కావలసినన్ని తీసుకుని వెంటనే మూత బిగించాలి. వంగేలా మెత్తబడ్డాయనిపిస్తే, వానల మధ్య ఎండ కాసిన రోజు రెండు గంటలు పెడితే మళ్ళీ గలగలలాడతాయి.